మే ముప్పై ఒకటి సంతకాలు

నావే అన్నాడు. ఒక్క మాట, నావే సార్, అంతే. జేబులోని కళ్ళజోడు తీసి పెట్టుకోనైనా లేదు. మీటింగు హాల్లో పొడుగు బల్ల మీద తొమ్మిదేళ్ళ లాగ్ బుక్కులు తొమ్మిదీ వరసగా తెరిపించి, ప్రతి పుస్తకంలోనూ మే ముప్పై ఒకటో తేదీ పేజీ మీద వేలు పెట్టి, ఈ సంతకాలు నీవేనా జయరామయ్యా అని రిజిస్ట్రార్ నరేంద్రబాబు అడిగితే, పేజీ వంక చూడకుండానే నావే సార్ అన్నాడు. పక్కన మినిట్స్ రాస్తున్న స్టెనో రేవతి ఆ మాటను టకటకా రాసేసుకుంది. నేను ఎదురు కుర్చీలో రాయిలా కూర్చున్నాను. ఇప్పుడు ఆ మనిషి ఇదే బెంచీకి ఆ చివర కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకుంటున్నాడు. గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికి మళ్ళీ పిలుస్తారట, ఆలోగా నేను ఆలోచించుకోవాలట, ఇంత మంచి కాగితానికి గంట కూడా ఎక్కువేనమ్మా ఏసుమణీ, అని నరేంద్రబాబు నవ్వాడు. సంతకం పెడితే ఒప్పందం అయిపోతుంది, పెట్టకపోతే రేపు పొద్దుటినుంచి మా ఇరవైముగ్గురికీ గేటు మూసేస్తారు.

రెండు యూనియన్లకూ కలిపి ఒకటే గది ఇచ్చారు, అదీ ఈ చేపల మ్యూజియం. కావాలనే ఇచ్చి ఉంటారు. చుట్టూ గాజు సీసాల్లో చేపలు, ఎండ్రకాయలు, ఒక పాము చేప, అన్నీ రంగు పోయి తెల్లబడి, మూతుల కింద తమ పేర్ల చీటీలతో మమ్మల్నే చూస్తున్నాయి. సీసాల్లోని ఫార్మలిన్ వాసనకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, మంచిదే, ఏడుస్తున్నానో లేదో ఆయనకు తెలియదు. ఏడవడం లేదు. ఏడుపు వచ్చే కోపం కాదిది, పళ్ళు బిగుసుకుపోయే కోపం. పర్మనెంటు ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుడు గారు! మెడలో ఆ పచ్చ తాడు, తాడుకు గుర్తింపు కార్డు, కార్డులో ముప్పై ఏళ్ళ కిందటి ఫోటో, నల్ల జుట్టుతో. మా కార్డులు కాగితం ముక్కలు, ప్రతి జూన్‌లో కొత్తవి ఇస్తారు, ప్రతి మేలో లాక్కుంటారు. కాంట్రాక్టు వాళ్ళ సంఘానికి కార్యదర్శినని నాకూ ఒక కుర్చీ వేశారు గానీ, ఆయన కుర్చీకి చేతులున్నాయి, నాదానికి లేవు. ఇలాంటివి నేను చూడకూడదనుకుంటూనే చూస్తాను.

కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. వాకాడు దాటి సముద్రం దాకా వచ్చేస్తే రోడ్డు ఆగిపోయే చోట మా ఫిషరీస్ కాలేజీ, కాలేజీకి అవతల రొయ్యపిల్లల్ని పుట్టించే మా హేచరీ. అక్కడి ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోయర్ల మోత ఇక్కడికి వినిపిస్తోంది. ఆ మోత వినిపించినంతసేపు నాకు ప్రాణం కుదురుగా ఉంటుంది, ఇంట్లో ఉన్నా, చర్చిలో ప్రార్థనలో ఉన్నా చెవుల్లో అదే మోగుతూ ఉంటుంది. ఆరు ట్యాంకుల్లో తల్లి రొయ్యలు, విమానంలో వచ్చిన దొరసానులు, నీళ్ళలో గాలి ఒక్క గంట తగ్గినా తేలిపోతాయి. పిల్లలకు పాఠాలు చెప్పేది ప్రొఫెసర్లే, కాదనను, కానీ ఆ పాఠానికి కావలసిన రొయ్య బతికుండాలంటే నాలుగు గంటలకోసారి ఎవరో ఒకరు నీళ్ళు ముట్టి చూడాలి, వేడి ఎంత, ఉప్పు ఎంత అని పుస్తకంలో రాయాలి, రాసి పక్కన సంతకం పెట్టాలి. ఆ ఎవరో ఒకరం మేము.

కాకపోతే ఏడాదికి ఒక్కరోజు మేము ఎవరమూ కాదు. మా ఉద్యోగం జూన్ ఒకటిన పుట్టి మే ముప్పైన చస్తుంది, మళ్ళీ జూన్ ఒకటిన పుడుతుంది. మధ్యలో ఆ ఒక్క దినాన్ని ఆఫీసులో బ్రేక్ అంటారు. ఎందుకయ్యా అంటే, ఎడతెగకుండా అయిదేళ్ళు పనిచేసినవాళ్ళను పర్మనెంటు చేయాలని కాలేజీ రూల్సులోనే ఉంది, వాళ్ళు రాసుకున్న రూలే. రూలు తీసేస్తే చెడ్డపేరు, అందుకని ఏటా ఒక దినం తెంపుతారు. ఆ రోజు కాంట్రాక్టు వాళ్ళు ఆవరణలో కనబడకూడదని మెమో కూడా అంటిస్తారు. ఎంత తెలివి! ఆ తెలివి ఎవరిదో గానీ రొయ్యల సంగతి మాత్రం మరిచిపోయాడు. రొయ్యలకు బ్రేక్ లేదు, మే నెల ఎండకు ట్యాంకుల్లో నీళ్ళు కాగి ఉంటాయి, ఏడాది మొత్తంలో మనిషి పక్కన ఉండి తీరవలసిన రోజులంటే అవే.

"టీ చెప్పేదా మే?" అన్నాడు ఆ చివరినుంచి.

ఇంటి ఆడబిడ్డను పిలిచినట్టు మే అట. టీ అట. హేచరీలో పర్మనెంటు మనిషి ఆయనొక్కడే, మొదటి ఏడు మే ముప్పైన కూడా ఇలాగే మెల్లగా, తల వంచుకుని వచ్చాడు, సైకిల్ స్టాండు దగ్గరికి. రేపు నేనొక్కణ్ణే అంట మే, ఆరు ట్యాంకులు ఒక్కణ్ణే ఎట్ట చూసుకునేది, చచ్చిపోతాయి మే అన్నాడు, చచ్చిపోయేది తనో రొయ్యలో తేల్చలేదు. జాలేసింది. నాకు జాలి ఎక్కువ, మా అమ్మ సండే స్కూల్లో పెంచిన జాలి, దాన్ని వేళ్ళతో సహా పెరికి పారేయాలని ఇప్పుడు అనిపిస్తోంది. నేనూ, నాతో పనిచేసే బెన్హరూ, ఇంకో నలుగురూ వెనక గేటునుంచి వచ్చాం. కాలువ గట్టు వెంట, ఎవరికీ కనబడకుండా, దొంగల్లాగా, పని చేసిపెట్టడానికి! లోకంలో పని దొంగిలించడానికి పోయిన దొంగలం మేమే అయి ఉంటాం. పని బాగానే జరిగింది, పుస్తకం దగ్గరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. మా పేర్లు రాస్తే నెలాఖరులో ఆఫీసువాళ్ళు చూస్తారు, మెమో ధిక్కరించారని జూన్ ఒకటిన తీసుకోరు. అప్పుడు ఈయనే, ఈ గోళ్ళు తీసుకుంటున్న ఈ పెద్దమనిషే, మేత సంచీ చింపి, దాని లోపలివైపు తన సంతకం రాసి నా చేతిలో పెట్టాడు. తోక ఇంకా పొడుగ్గా లాగు మే, య కింద నుంచి ఎనక్కి తెచ్చి పేరంతా చుట్టాల, నా సంతకానికి అదే అందం, అని నవ్వాడు. నేనూ నవ్వాను. పదిసార్లు రాయించాడు, పదకొండోది చూసి, నాకే తెలవటం లేదే ఏది నాదో, అన్నాడు. నాకు చేతిరాత మంచిదని గర్వం కూడా కలిగింది, ఎంత వెర్రిదాన్ని.

రెండో ఏడు పొద్దున ఒక గంట కనబడి పోయాడు. మూడో ఏడు నుంచి అసలు రాలేదు. ఎడగారు నాట్లు మే, నువ్వుండావు గదా, అని వేసవి వరి వేసుకోవడానికి పోయేవాడు. ఎందుకు వస్తాడు, ఆరుగురం జీతంలేని మనుషులం, సంతకం కూడా మేమే పెడుతుంటే? కాలేజీ మాకు బ్రేక్ ఇస్తే మేము ఆయనకు సెలవు ఇచ్చాం. కరోనా ఏడు బస్సుల్లేవు, ఆటోల్లేవు, ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చాం, మూతికి గుడ్డలు కట్టుకుని, అప్పుడు కూడా ఆయన పొలంలోనే ఉన్నాడు, ఉప్పు ముప్పై రెండు, వేడి ముప్పై, సంతకం జయరామయ్య. నాలుగు గంటలకోసారి, దినానికి ఆరు. తొమ్మిదేళ్ళకు యాభై నాలుగు. మా పాస్టరమ్మ జూన్ మొదటి ఆదివారం ప్రభుబల్ల దగ్గర, రొట్టె ఇచ్చేముందు, మనసులో మరకలుంటే కడుక్కుని రండి అంటుంది. నేను ఏటా ఆ ఆదివారం వెనక వరసలో కూర్చుని, ఇది మరకేనా కాదా అని లెక్కలు వేసుకుని, ఎవరికీ నష్టం లేదు కదా అని లేచి రొట్టె తీసుకోవడానికి పోయేదాన్ని. ఎవరికీ నష్టం లేదట.

బెన్హర్ ఇప్పుడు బయట సైకిల్ స్టాండు దగ్గర మిగతా వాళ్ళతో నిలబడి ఉంటాడు, కుడి చేయి జేబులో పెట్టుకుని. ఆ చేయి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. నాలుగేళ్ళ కిందట, అదే మే ముప్పై ఒకటిన, బ్లోయర్ బెల్టు సరిచేస్తుంటే రెండు వేళ్ళు పోయాయి. నా పైటచెంగు చుట్టి ఆటో ఎక్కించి పంపాను, నేను వెంట పోలేదు, పోతే ట్యాంకులు చూసేవాళ్ళు లేరు. పోలేదు నేను. వాడి రక్తం గచ్చు మీద నుంచి కడిగి, చేతులు కడుక్కుని, రెండు గంటల గడిలో అంతా బాగుంది అని రాసి జయరామయ్య సంతకం పెట్టాను, తోక పొడుగ్గా లాగి. తర్వాత వాడి పెళ్ళాం కెజియా ఆఫీసుకు పోతే నరేంద్రబాబు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, ఆ రోజు మీ ఆయన మా మనిషి కాదమ్మా, మా ఆవరణలోకి ఎందుకొచ్చాడో మేమే అడగాలి అన్నాడట. ఆరోజు డ్యూటీ నాది, బెన్హర్ ఎందుకొచ్చాడో నాకు తెలీదు అని ఈ జయరామయ్య కూడా రాసిచ్చాడు. కెజియా నాతో మూడు నెలలు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మేలనిపించింది నాకు.

ఆ కోపంతోనే కదా సంఘం పెట్టాం. రెండేళ్ళు తిరిగితే గానీ రిజిస్ట్రేషన్ కాలేదు, ఇంకో ఏడాది తిరిగితే గానీ బల్ల ముందు కూర్చోనివ్వలేదు. మా కోరిక ఒక్కటే, తొమ్మిదేళ్ళను తొమ్మిదేళ్ళుగా లెక్క పెట్టండి. మే ముప్పై ఒకటి కూడా పని చేశాం, తెగింది కాగితం మీదే, నీళ్ళ దగ్గర తెగలేదు. ఈరోజు పొద్దున ఆ మాట అనగానే నరేంద్రబాబు, రుజువు ఉందామ్మా అన్నాడు. లాగ్ బుక్కులు తెప్పించండి సార్ అన్నాను. నేనే అన్నాను! జయరామన్న ఎదురుగా ఉన్నాడు, ఆ సంతకాలు ఎవరివో ఆయనకు తెలుసు, ఒక్క మాట చెప్తాడు, మూడు దశాబ్దాల సర్వీసు ఉన్న మనిషి చెప్తే ఎవరు కాదంటారు, అని నమ్ముకుని. ఇరవైమూడు మందికి కూడా అదే చెప్పాను, అన్న చెప్తాడు, నాది పూచీ అన్నాను. ఒకసారి అబద్ధం రాసిచ్చిన మనిషే మరి, నమ్మకం కాదు అది, బద్ధకం. ఆయన నోటితో నా పని జరిగిపోవాలని చూశాను.

కాగితం నా ఒళ్ళో ఉంది. చదివితే చదివిన కొద్దీ మంచిగానే ఉంటుంది, అదే దాంట్లో విషం. ఇకమీదట బ్రేక్ ఉండదు. ఈ జూన్ నుంచి కాంట్రాక్టు వాళ్ళందరినీ కొత్త నియామకాలుగా భావించి అయిదేళ్ళకు పర్మనెంటు చేస్తారు. చప్పట్లు కొట్టవచ్చు, రేవతి అయితే నా వైపు చూసి చిన్నగా నవ్వింది కూడా. నాలుగో పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో, కొత్త నియామకాలకు కాలేజీ సాధారణ నిబంధనలు వర్తిస్తాయి. సాధారణ నిబంధన ఏమిటంటే కొత్తగా చేరేవాళ్ళకు నలభై దాటకూడదు. మాలో పద్నాలుగు మందికి దాటింది. నాకు నలభై మూడు, బెన్హర్‌కు నలభై ఆరు. కొత్తవాళ్ళం అనిపించి, ముసలివాళ్ళు అని బయటికి తోస్తారు, రెండూ ఒకే కాగితంలో. తొమ్మిదేళ్ళు చేతుల చర్మం ఉప్పుకు పగిలి పోయాక నేను ఈ జూన్‌లో పుట్టానట, పుట్టేటప్పటికే వయసు మీరిపోయిందట. ఇది రాసినవాడి బుర్రను కూడా ఒక సీసాలో పెట్టి ఈ గదిలో ఉంచాలి.

మధ్యాహ్నం సైకిల్ స్టాండు దగ్గర మావాళ్ళు ఊగిపోయారు. మాట్లాడేదేంది అక్కా, బ్లోయర్లు ఆపేద్దాం, గంటలో కాళ్ళబేరానికొస్తారు, అన్నాడు పెంచల్. వద్దన్నాను. మూతులు ముడుచుకున్నారు, అక్కకు రొయ్యలే ఎక్కువ అని ఎవరో గొణిగారు. నిజమే కావచ్చు. పోయిన మే ముప్పై ఒకటిన నరేంద్రబాబు అనుకోకుండా హేచరీకి వచ్చాడు, కారు దిగి నేరుగా లోపలికి. మెమో ధిక్కరించి ఆరుగురం ఎదురుగా ఉన్నాం. ఆయన ఏమీ అనలేదు, నా చేతి టీ తాగాడు, ట్యాంకులన్నీ చూశాడు, కారెక్కేముందు మెల్లగా, మీరు చావనివ్వరు లేమ్మా, నాకు తెలుసు అన్నాడు. మెచ్చుకోలనుకున్నాను అప్పుడు! ఇంటికి పోయి మా ఆయనకు చెప్పుకుని మురిశాను. ఈరోజు ఆ బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది ఆ మాటకు అర్థం ఏమిటో. వాళ్ళ పక్షాన లాయర్లు లేరు, పోలీసులు లేరు, నా మనసే ఉంది, మేం రొయ్యల్ని చావనివ్వమన్న ధీమా మీదనే వాళ్ళు ఆ కుర్చీలో అంత వెనక్కి వాలి కూర్చున్నారు. అంత అసహ్యం నాకు జీవితంలో ఎవరి మీదా కలగలేదు.

"పద్నాలుగు నెల్లుండాది నాకు," అన్నాడు జయరామయ్య ఉన్నట్టుండి, సీసాల వైపు చూస్తూ. "ఆ మాట గాని నా నోట్లోంచి వచ్చిందా, డ్యూటీ ఎగ్గొట్టినాడని ఎంక్వైరీ ఏస్తారు. ముప్పై మూడేండ్లు చేసినా ఈడ. ఆఖర్న దొంగ అనిపించుకుని పొమ్మంటావా?"

"దొంగ కాకపోతే మరేందన్నా?" అన్నాను.

మొహం మాడిపోయింది. సంతోషం వేసింది నాకు, ఉన్న మాట చెబుతున్నాను, పొద్దుటినుంచి అదొక్కటే సంతోషం. తర్వాత చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, లేచి రాకుండా, బెంచీ మీదనే నా వైపు జరిపాడు.

"నీ సంగతి నేను అడిగినా లే మే. నీ ఒక్కదానికి వయసు సడలిస్తామన్నాడు సారు. ఉత్తరం టైపు చేయించి పెట్టినాడు, నువ్వు ఆ కాగితం మీద సంతకం చేసినాక దీని మీద ఆయన చేస్తాడు. నిన్ను అన్యాయం చేయాలని నాకు లేదు."

నాకొద్దు అనాల్సింది. వెంటనే, అదే నిమిషంలో, ఆ కాగితాన్ని ఆయన మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. చేతిలోకి తీసుకున్నాను. శ్రీమతి ఏసుమణి గారి విశిష్ట సేవలను పరిగణనలోకి తీసుకుని, అని ఉంది. విశిష్ట సేవలు. పచ్చ తాడు, గట్టి కార్డు, జూన్ ఒకటి వస్తుందో రాదో అని మే నెలంతా నిద్ర పట్టనివ్వని ఆ భయం ఇక ఉండదు. పద్నాలుగు మందిలో పదమూడు మందికి నేను ఏం చెప్పాలో కూడా నా బుర్ర తయారు చేయడం మొదలుపెట్టింది, ఏం చేసేది, నా వరకు నేను అడగలేదు, వాళ్ళే ఇచ్చారు, లోపలుంటే మీకోసం పోరాడొచ్చు, అబ్బ, ఎంత చక్కగా వస్తున్నాయో మాటలు, వెతుక్కోనక్కరలేకుండానే. జయరామయ్య కూడా బెన్హర్ సంగతి రాసిచ్చిన రోజు ఇలాగే అనుకుని ఉంటాడు, లోపలుంటే వీళ్ళకు మంచి చేయవచ్చు అని. ఆయన సంఘానికి ఏం ఇచ్చారో కూడా నాకు తెలుసు, వాళ్ళ పిల్లలకు ప్రతి కోర్సులో రెండు సీట్లు, ఆ సీట్ల కోసం ఆయన కాగితాన్ని సమర్థించాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క. అందరం తినేస్తే మిగిలేది బెన్హర్ జేబులో చేయి.

మూడూ ముప్పావు. ఇంకా ఎదురుచూస్తున్నాను నేను, అది గమనించి సిగ్గేసింది. ఈ ముప్పావు గంటా నేను చేసింది ఈ మనిషి మనసు మారుతుందేమోనని ఓరగా చూడటమే. దగ్గితే చూశాను, లేచి కిటికీ దాకా పోతే చూశాను, కళ్ళు తుడుచుకుంటే ఇదిగో కరిగాడు అనుకున్నాను, ఫార్మలిన్ మంట అని తెలిసి కూడా. ఆయన చెప్తాడని. ఆయన ఎందుకు చెప్పాలి? సంతకం ఆయన పేరు, చేయి ఎవరిది? పొద్దున తొమ్మిది పుస్తకాలు తెరిచి వేలు పెట్టి అడుగుతున్నప్పుడు, ఆ యాభై నాలుగు తోకలూ లాగిన చేయి నా ఒళ్ళో ఉంది. నేనెందుకు ఎత్తలేదు? ఎందుకంటే ఒకరి సంతకం ఇంకొకరు పెడితే దానికి ఒక పేరుంది, ఆ పేరు పెట్టి స్టేషన్‌కు పిలుస్తారు, ఊళ్ళో చర్చిలో నలుగురూ అంటారు, అందుకు. ఆయనకు పద్నాలుగు నెలల భయం, నాకు పోలీసు భయం. ఆయన్ని దొంగ అన్నాను, నేను అంతకన్నా మెరుగు కాదు, ఆయన కనీసం నోరు తెరిచి అబద్ధమైనా చెప్పాడు. ఈ సంగతి తెలిసినందుకు ఆయన మీద కోపం తగ్గాలి కదా. తగ్గలేదు. ఇంకా పెరిగింది, ఇప్పుడు దాంట్లో నేను కూడా ఉన్నాను. నా పేరు రాసుకోవలసిన చోట ఏటా ఆరుసార్లు ఇంకొకరి పేరు రాసి, నా పని నేనే పోగొట్టుకున్నాను, అదీ నవ్వుతూ, అందంగా, తోక వంకర పోకుండా.

రేవతి తలుపు తీసి, రమ్మంటున్నారు అంది. ఉత్తరాన్ని బెంచీ మీదే వదిలేసి లేచాను. జయరామయ్య దాన్ని తీసి జాగ్రత్తగా మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, నేను మరిచిపోయాననుకున్నాడేమో. హాల్లో ఏసీ చల్లగా ఉంది. పుస్తకాలు ఇంకా అలాగే తెరిచి ఉన్నాయి, వాటి మీద నరేంద్రబాబు బిస్కెట్ల ప్లేటు పెట్టుకున్నాడు. ఒప్పందం ఆఖరి పేజీ నా ముందుకు జరిపి, తన సొంత పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. యాజమాన్యం తరఫున ఆయన సంతకం అయిపోయింది. పర్మనెంటు సంఘం గడిలో జయరామయ్యది ఇంకా పడలేదు, ముందు లేడీస్ కానివ్వండి అన్నాడు నరేంద్రబాబు. కాంట్రాక్టు ఉద్యోగుల సంఘం కార్యదర్శి అని ఉన్నచోట నేను సంతకం పెట్టాను. చేతికి అలవాటు, ఆలోచించే పని లేదు. జ కొంచెం వాలాలి, రా మీద ఆగకూడదు, య కిందనుంచి తోకను వెనక్కి తెచ్చి పేరంతా చుట్టాలి. పెన్ను మంచిది, జారినట్టు పోయింది.

నరేంద్రబాబు కాగితం తనవైపు తిప్పుకుని, చేయి చాచబోయి ఆగాడు. "ఇదేంటమ్మా? ఇక్కడ నీ సంతకం పెట్టాలి."

"అదే పెట్టినా సార్. మే ముప్పై ఒకటిన నేను పెట్టే సంతకం అదే."

అర్థం కావడానికి ఆయనకు కాస్త టైము పట్టింది. తర్వాత ప్లేటు పక్కకు జరిపి, దగ్గర్లో ఉన్న పుస్తకం లాగి, దాని పక్కన ఆ కాగితం పెట్టాడు. జ వాలు అదే, తోక అదే. జయరామయ్య వైపు చూశాడు. "ఇది నీ సంతకమా?"

"కాదు సార్," అన్నాడు జయరామయ్య. ఇంకేం అంటాడు, అందరి ఎదుటే పెట్టాను కదా.

"మరి ఇందులోవి?"

ఇప్పుడు కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పుస్తకం మీదికి వంగి చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు. తోక వెంట ఒకసారి వేలు పోనిచ్చాడు. చెప్తాడని నేను ఈసారి ఎదురుచూడలేదు. నరేంద్రబాబు కూడా జవాబు కోసం ఆగలేదు, నాకేసి తిరిగి, ఆ నెమ్మది, ఆ మర్యాద ఏమైపోయాయో, బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"ఇది ఫోర్జరీ, తెలుసా నీకు? క్రిమినల్ కేసు అవుతుంది. ఇప్పుడే స్టేషన్‌కు ఫోన్ చేస్తాను."

"చేయండి సార్. తేదీలు నేను చెప్తా, రాసుకోండి. రెండువేల పదిహేడు మే ముప్పై ఒకటి, పొద్దున ఆరు గంటలకు రెండో నంబరు ట్యాంకు కాడ పెట్టినా. పదింటికి మళ్ళా పెట్టినా. రెండింటికి పెట్టినా. ఆపైన పద్దెనిమిది, మే ముప్పై ఒకటి..."

పుస్తకం వంక చూడకుండానే వరసగా చెబుతూ పోతున్నాను. రేవతి తలవంచుకుని రాస్తోంది, ఆమె పని అది. నరేంద్రబాబు ఆమె పెన్ను వైపు చూశాడు. నా వైపు చూశాడు. కేసు పెడితే మే ముప్పై ఒకటిన మేము పనిలో ఉన్నట్టే రుజువవుతుందని అప్పుడు తట్టినట్టుంది.

"రేవతీ, ఇది రాయొద్దు," అన్నాడు.

"రాయకుండా కేసెట్టా పెడతారు సార్?" అన్నాను.